నాన్న రాసింది, నేను చదివింది

మొన్న మాఘమాసంలో అమలాపురం నుంచి ఫోన్ వచ్చింది. అవతలి పెద్దమనిషి, పాపం ఎంతో మర్యాదస్తుడు, మాటకు రెండు అండీలు చేర్చి, మా నాన్నగారి పాత సీరియల్‌ని ఇన్నేళ్ళకు పుస్తకంగా వేస్తున్నామనీ, కష్టాల్లో రాటుదేలే పిల్లల్ని సాహిత్యం ఎలా చూపించిందో ఆవిష్కరణ సభలో కూతురిగా నేను నాలుగు ముక్కలు మాట్లాడాలనీ అడిగాడు. పిల్లల మనసు అంతగా తెలిసిన రచయిత ఇంట్లో పుట్టడం నా పూర్వజన్మ సుకృతమట. ఫోన్ పెట్టేశాక నవ్వాలో, తల గోడకేసి బాదుకోవాలో తెలియలేదు గానీ, అడుగున పడి ఉన్న కసి మాత్రం లేచి కూర్చుంది. వస్తానన్నాను. నా వెంట మా లంక నుంచి ముగ్గురు ముసలమ్మల్ని తెస్తాను, ముందు వరుసలో కుర్చీలు వేయించమని కూడా చెప్పాను.

వారపత్రికల కోసం శుక్రవారం దాకా గుటకలు మింగిన మన తరంవాళ్ళకి ఆ కథల్లోని పిల్లలు గుర్తుండే ఉంటారు. తండ్రి పట్టించుకోడు, తల్లి కన్నీళ్ళు కొంగుతో తుడుచుకుంటుంది, పిల్లవాడు వీధి దీపం కింద చదివి పెద్ద ఆఫీసరై వచ్చి, అదే తండ్రి కాళ్ళకు దండం పెడతాడు. ఆ పిల్లల్లో ఒక్కరికీ కోపం రాదేమిటో! నేనూ తమ్ముడూ అలాంటి ఇంట్లోనే పెరిగాం, మేమూ రాటుదేలాం. కాని మమ్మల్ని నిలబెట్టింది ఓర్పూ కాదు, మంచితనమూ కాదు. నా మట్టుకు నన్ను నిలబెట్టింది పగ. ఆ మాట ఎవరూ రాయరు గనక నేనే చెబుతున్నాను.

మాది రాజోలు తాలూకాలో వశిష్ఠ పాయల మధ్యనున్న ఒక లంక. నాన్న తాగేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు, పదిమందికి చెప్పుకుని ఏడవడానికి పేరున్న దుర్గుణం ఒక్కటీ లేదు, అదే మా ఖర్మ. పంచాయతీ ఆఫీసులో ఉన్న గుమాస్తా ఉద్యోగాన్ని రచనకు అడ్డమొస్తోందని వదిలేసి, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, రాజోలులో కాఫీ హోటల్లో స్నేహితుల మధ్య కూర్చుని తల్లిదండ్రుల ప్రేమ గురించి మాట్లాడేవాడు. ఇంటికి ఎప్పుడో పొద్దుపోయి వచ్చేవాడు, వచ్చినప్పుడు మేం తిన్నామో లేదో అడిగేవాడు కాదు. అమ్మ మాత్రం పొద్దున్నే మా మేనత్త పీచుపాకకు వెళ్ళి తాళ్ళు పేనేది.

మేనత్త నాన్నకు అక్క, చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. కొబ్బరి డొక్కలు కాలవలో నానబెట్టించి, కర్రలతో కొట్టించి, పీచు తీసి తాళ్ళు పేనించే పాక ఆవిడది. ఊరి ఆడవాళ్ళు పాతికమంది దాకా వరసగా కూర్చుని పనిచేసేవారు. వాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు అమ్మ తప్ప ఎవరూ లేరు, అందుచేత చదివేవాళ్ళని పెట్టుకోవడం ఆ పాకలో ఆనవాయితీ. చేతులు తాడు మీద ఉంటాయి, చెవులు కథ మీద ఉంటాయి, పనీ సాగుతుంది. నాకు అయిదో తరగతి నుంచీ ఆ పని అప్పగించారు. చదివినందుకు నాకూ తమ్ముడికీ ఇంత తరవాణి అన్నం, మామిడికాయ ముక్కా పెట్టేవారు, చాలా రోజులు మాకు కడుపునిండిన తిండి అదే.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు వచ్చాయి. పరీక్ష ఏటి అవతల రాజోలులో. హాల్‌టికెట్ తెస్తాననీ, పొద్దున్నే వచ్చి స్వయంగా పడవెక్కించి తీసుకెళతాననీ చెప్పి నాన్న ముందురోజే వెళ్ళాడు. నేను తలంటుకుని, అమ్మ గంజి పెట్టి ఉతికిన పరికిణీ కట్టుకుని, కొత్త పెన్సిలు చెక్కుకుని రేవులో కూర్చున్నాను. ఆ రోజు వరదా లేదు, గాలివానా లేదు, వేసవి గోదారి పిల్లలు కూడా దాటేటంత నెమ్మదిగా ఉంది. పడవ వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, నాన్న మాత్రం రాలేదు. మధ్యాహ్నం ఎండలో మేనత్త వచ్చి నన్ను లేపి ఇంటికి తీసుకెళ్ళింది. సాయంత్రం నాన్న నవ్వుకుంటూ వచ్చాడు, ఎవరో పెద్ద రచయిత హోటల్‌కి వచ్చాట్ట, మాటల్లో పడి మర్చిపోయాట్ట. లాల్చీ జేబులో నా హాల్‌టికెట్ మడతలు పడి ఉంది. ఆడపిల్లవి, ఒక ఏడు ఇంట్లో ఉంటే ఏం పోయిందే అన్నాడు.

ఏం పోయిందో ఆయనకి వర్షాకాలంలో తెలిసినట్టుంది, ఎందుకంటే అప్పుడు మొదలైన సీరియల్లో దాన్ని వాడుకున్నాడు. ఊళ్ళోకి ఆ పత్రిక ఒక్క కాపీయే వచ్చేది, రచయితకు ఉచితంగా పంపేది. నేనే మేనత్తకి చదివిపెట్టేదాన్ని. తన తమ్ముడు రాసిన కథంటే ఆవిడకి ప్రాణం. ఆ శుక్రవారం పాకలో కూర్చుని పేజీ తిప్పేసరికి నా పరీక్ష రోజే కనబడింది. కథలో పేద తండ్రి కూతుర్ని పరీక్షకు తీసుకెళుతున్నాడు. గోదారి పోటెత్తింది, పడవవాళ్ళు రామన్నారు. తండ్రి కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని, హాల్‌టికెట్ తలపాగాలో దోపుకుని ఈదుతున్నాడు. అక్షరం అక్షరానికీ ప్రేమ కారుతోంది.

పైకి చదవకముందే ఇదంతా కళ్ళతో చూసేసి ఆగాను. ఊఁ, చదవ్వే అని మేనత్త గదమాయించింది. చదివాను. కాని కాగితం మీద ఉన్నది చదవలేదు. తండ్రి హోటల్లో కూర్చున్నాడని చదివాను, కూతురు రేవులో గంజి పరికిణీతో ఎదురుచూసిందని చదివాను, పడవ వచ్చి వెళ్ళిందని చదివాను. తాళ్ళు పేనే చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాడి మొహం మండా, వీడూ ఒక తండ్రేనా అని ఒకావిడ అంటే, పాకంతా ఒక్కపెట్టున శాపనార్థాలు అందుకుంది. నన్ను రేవులోంచి లేపి తెచ్చిన మేనత్త కూడా, తన తమ్ముడు నా సంగతే తీసుకుని ఎవరో చెడ్డ తండ్రి కథ అల్లాడనుకుంది. మీరు నమ్మరు గాని, రేవులో కూర్చున్న రోజు నుంచీ పట్టని నిద్ర ఆ తిట్లు విన్న రాత్రి పట్టింది. వారం వారం అలాగే సాగింది. నాన్న రాతలో తండ్రి దేవుడవుతున్నకొద్దీ నా చదువులో పిల్లలు గట్టివాళ్ళవుతూ వచ్చారు. కూతురు తాడు పేనింది, కొడుకు వలేసి చేపలు పట్టాడు, ఇద్దరూ తండ్రి మొహం చూడకుండానే బతకడం నేర్చుకున్నారు.

అమ్మకి చదవడం వచ్చునన్నానా. అప్పుడప్పుడు నా భుజం మీదుగా ఆ పేజీ కనబడేంత దగ్గరగా కూర్చునేది కూడా. ఏనాడూ ఒక్క మాట అనలేదు. కాని ఒక గురువారం నా జడ వేస్తూ, రేపు ఏమవుతుందే కథలో అని అడిగింది. అమ్మ నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

సీరియల్ చివరికొచ్చిన రోజుల్లో నాన్న ఒక స్నేహితుణ్ణి పాకకి తీసుకొచ్చాడు. చదువురాని కూలి ఆడవాళ్ళు కూడా తన కథ విని కన్నీళ్ళు పెడుతున్నారని ఆయనకి చూపించాలట. లాల్చీ మడత నలక్కుండా పీట మీద కూర్చుని, ఏమమ్మా, కథ ఎలా ఉంది అని అడిగాడు. మేనత్త పేనుతున్న తాడు పక్కన పెట్టింది.

"కథ బానే ఉందిరా తమ్ముడూ, ఆ తండ్రి ముదనష్టపు వెధవని మాత్రం ఎప్పుడు చంపుతావురా? రేవులో పసిపిల్లని అలా కూచోబెట్టేసేడు, వాడికి అన్నం ఎలా సయించిందిరా?"

పాకంతా ఆయ్ అంది. స్నేహితుడు ఇదేమిటన్నట్టు నాన్న వైపు చూశాడు. నాన్న మొహం తెల్లబోయింది, ముందు పత్రిక వైపు చూశాడు, తరవాత నా వైపు చూశాడు. నేను కళ్ళు దించలేదు. మేనత్త అమాయకురాలే గాని తెలివితక్కువది కాదు, తమ్ముడి మొహం చూసి, నా మొహం చూసి, ఏమే, పుస్తకంలో అలా లేదా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు, తల వంచుకుని తాడు పేనుతున్న అమ్మ ఆ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"పుస్తకంలో ఏవుందో నాకనవసరం వదినగారండీ. పిల్ల చదివింది మాత్రం నిజవండీ."

నాన్న లేచి వెళ్ళిపోయాడు. ఆ స్నేహితుడు మళ్ళీ మా లంకకు రాలేదు, రాజోలు హోటల్‌కి ఈ కథ మాత్రం ఆయన నోటమ్మట నాన్నకంటే ముందే చేరింది. నాన్న అక్కడికి వెళ్ళడం తగ్గించుకున్నాడు. ఆయన మీద జాలి పడ్డానా అని అడిగితే, లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మరుసటి వేసవిలో మేనత్త పాక మూసేసి, నన్ను పడవెక్కించి, పరీక్షలైనన్ని రోజులూ స్కూలు గేటు ముందు తాటాకు గొడుగు వేసుకుని కూర్చుంది. నేను ఆ చదువు పట్టుకునే టీచర్నయ్యాను, తమ్ముణ్ణి చదివించాను. నాన్న పోయేదాకా వేళకు అన్నం పెట్టాను, కాళ్ళకు దండం మాత్రం పెట్టలేదు.

సభరోజున మాట ప్రకారం ముసలమ్మల్ని ఆటోలో తీసుకెళ్ళాను, ఇప్పుడు మా లంకకి వంతెన వచ్చింది. ఆ రోజుల్లో పాకలో కొత్తగా పనికి చేరిన పడుచులు వాళ్ళు. అధ్యక్షులవారు కండువా సర్దుకుని, తండ్రి కూతుర్ని భుజాన వేసుకుని గోదారి ఈదిన ఘట్టాన్ని గొంతు వణుకుతుండగా వర్ణించారు. హాలంతా చప్పట్లు. ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ కర్ర ఊతగా లేచింది.

"అలా కాదండి బాబూ. ఆ నాన్న రాలేదండి. పిల్ల రేవులో ఎండలో కూచుందండి. మేం చెవులారా విన్నావండి."

మిగతా ఇద్దరూ ఆయ్, ఆయ్ అన్నారు. వేదిక మీద పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరవాత నన్ను మాట్లాడమన్నారు, వాళ్ళు చెప్పేశారండి అని కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఎదురుచూసిన భోజనంలా ఉంది ఆ పూట.

తిరిగొస్తూ వంతెన మీద ఆటో ఆపించి చూస్తే రేవు ఉన్నచోట జమ్ము పెరిగిపోయి ఉంది. పీచుపాక ఎప్పుడో కూలిపోయింది, డొక్కలు లారీలెక్కి ఫ్యాక్టరీలకు పోతున్నాయి, పదిమంది కూర్చుని ఒక పిల్ల నోటివెంట కథ వినే రోజులు లేవు, ఎవరి కథ వాళ్ళు ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటున్నారు. ఈ రోజున ఏ తండ్రైనా పిల్లని రేవులో కూర్చోబెట్టి మర్చిపోతే, ఆ పిల్ల ఎక్కడికి పోయి ఎవరికి చదివి వినిపిస్తుందో నాకు తెలియదు. అమ్మా, మేనత్తా లేరు. ఆటోలో కునుకుతున్న ఈ ముగ్గురూ వెళ్ళిపోతే నేను చదివిన కథ విన్నవాళ్ళు భూమ్మీద ఉండరు, గట్టి అట్ట వేసిన నాన్న పుస్తకం ఒక్కటే లైబ్రరీలో మిగులుతుంది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే రాసి పంపుతున్నాను, ఆయనది అచ్చులో ఉంది గనక నాదీ ఉండాలి. ఆ నాన్న రాలేదండి.