మా ఇంటి పచ్చ నీళ్ళు ఎక్కడిదాకా పోయాయంటే...

మా చిన్నప్పుడు... మా ఇంటి ముందు కాలువ చూసి ఆ వారం మా ఇంట్లో ఏ రంగు అద్దుతున్నారో చెప్పేసేవాళ్ళు. నీలం పారితే నీలం... ఎరుపు పారితే ఎరుపు.

నగరి దగ్గర ఒక చిన్న ఊరు మాది. వీధంతా మగ్గాలే. ఆ మగ్గాలకు కావాల్సిన నూలు చిలపలకు, అంటే నూలు కట్టలకు, రంగు వేయడం మా నాయనతోపాటు వీధిలో ఇంకొందరి పని. ఇంటి వెనక రేకుల పాక, అందులో రంగు కలిపే పెద్ద సిమెంటు గాబు. మా నూలుతో నేసిన లుంగీలు సింగపూరు దాకా పోతాయని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. గాబులో నీళ్ళు ఎక్కడిదాకా పోతాయో మాత్రం ఎవరూ అడిగింది లేదు...

అడిగింది మా సుగుణ టీచర్. తొమ్మిదో తరగతిలో మాకు సోషల్ చెప్పేవారు. ఒకరోజు గ్లోబు తెచ్చి గిర్రున తిప్పి ఆపి, "లోకం సంగతి మళ్ళీ చూద్దాం. ముందు మీ ఇంట్లో వాడిన నీళ్ళు యాడికి పోతాయో ఎంబడే నడిచి చూసి రాండి. చూసింది పటం గీయండి" అన్నారు.

ఆదివారం పొద్దున బయల్దేరాను. నాతోపాటు నా స్నేహితురాలు వసంత. వాళ్ళది పక్క పల్లె, సేద్యం. కాలువ వీధి దాటింది, చింత తోపు దాటింది, కల్వర్టు దాటింది... నేరుగా పోయి వసంత వాళ్ళ బావి పక్కన గుంటలో చేరింది. బావిలోకి తొంగి చూశాను. నీళ్ళలో సన్నగా పచ్చ ఛాయ. "మా ఆవులు ఈ నీళ్ళు తాగడం మానేసి చాన్నాళ్ళయిందే" అంది వసంత. కోపంగా కూడా అనలేదు పాపం. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి పటం గీశాను. కానీ కల్వర్టు దగ్గరే గీత ఆపేశాను... అక్కడితో నీళ్ళు ఇంకిపోయినట్టు. నాయన పేరు బయటికి రాకూడదని నా తెలివి.

ఆ తెలివి ఎంతటిదో వినండి. రంగు పెన్సిళ్ళు లేవని, కొబ్బరి చిప్పలో మా గాబు రంగే ముంచుకొచ్చి కాలువకు పూశాను. ఆ వారం చిలకపచ్చ.

మరుసటి వారం బడిలో తల్లిదండ్రుల సమావేశం. పటాలన్నీ గోడకు అంటించారు. మా వీధివాళ్ళు నా పటం ముందు ఆగారు. రంగు చూస్తే అది ఎవరి గాబుదో చెప్పగలిగే మనుషులు వాళ్ళు. "ఇది మన మునస్వామి పచ్చే కదప్పా" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. ఆ మునస్వామి, మా నాయన, వాళ్ళ వెనకాలే ఉన్నాడు.

ఆడపిల్లకు పది చాలని అప్పటికే ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. నలుగురిలో ఈ అవమానం చాలు, రేపటినుంచి బడి బందు అనుకున్నాను.

నాయన చాలాసేపు పటం చూశాడు. తర్వాత టీచర్ దగ్గర పెన్సిల్ అడిగి తీసుకున్నాడు.

"ఈడ తప్పుండాది మేడమ్. నీళ్ళు ఈడ నిలిచేది లేదు" అంటూ కల్వర్టు నుంచి గీత పొడిగించాడు... బావి దాకా. బావికి గుండ్రంగా సున్నా కూడా చుట్టాడు.

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం ఊపిరి వచ్చింది.

ఇంటికి నడుస్తుంటే అడిగాడు. "నువ్వు ఆ బాయి దాకా పోలేదా పాపా?"

"పోయినాను నాయనా."

"మరెందుకు గీయలా?"

"నిన్ను తిడతారని..."

నాయన మెల్లగా అన్నాడు. "ఆ బాయి నీళ్ళు నాలుగేండ్లుగా చూస్తానే ఉండా. ఎవురన్నా అడిగితే ఏదో ఒకటి చేద్దామనుకుంటా ఉన్నా. ఎవురూ అడగలా."

అమ్మయ్య అనిపించింది. బరువు దిగింది నాకే అనుకున్నాను... ఆయనకు కూడా దిగిందని చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

పాక వెనక రెండు తొట్లు కట్టించాడు, రంగు నీళ్ళు కాలువలో కలవకుండా అక్కడే ఎండిపోవడానికి. వీధిలో రంగు పనిచేసే ఇంకో ఇద్దరు కట్టుకున్నారు, మిగతావాళ్ళు కట్టుకోలేదు. రెండు వానాకాలాలు పోయాక ఆవులు మళ్ళీ నీళ్ళు ముట్టాయని వసంత బడికి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. నా చదువు కూడా పదితో ఆగలేదు...

ఇప్పుడు మా అమ్మాయిది తొమ్మిదో తరగతి, తిరుపతిలో. ప్రపంచ పౌరులని ఒక పాఠమే ఉంది. భూగోళం చుట్టూ చేతులు పట్టుకున్న పిల్లల బొమ్మ ప్రింటు తీసి అట్టకు అంటించింది, మంచి మార్కులొచ్చాయి. "మన అపార్ట్‌మెంటు నీళ్ళు ఎక్కడికి పోతాయే?" అని అడిగాను. తెలియదంది. నిజం చెప్పొద్దూ... నాకూ తెలియదు. ఈ ఆదివారం ఇద్దరం నడిచి చూడాలనుకుంటున్నాం.

మీ ఇంటి నీళ్ళు ఎక్కడిదాకా పోతాయో మీలో ఎవరికైనా తెలుసా... తెలిస్తే రాయండి. నాలాగా కల్వర్టు దగ్గర ఆపకండి.