స్కోపు నుదుట బొట్టు

1999వ సంవత్సరం, నవంబరు అయిదో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రెండుంబావు. ఆ క్షణాన నా నుదుట మూడు బొట్లు ఉన్నాయి. ఒకటి పొద్దున ఇంట్లో పెట్టుకున్నది. మిగతా రెండూ కంపెనీ పనిమీద ఉన్నవి. కంపెనీ పనికి బొట్లెందుకని అడుగుతారు కదా, చెప్తాను.

ఆ రోజుల్లో సిడ్నీలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఒకటే మాట: రెండువేలు వస్తోంది, కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయి, లోకం ఆగిపోతుంది. పెండిల్ హిల్‌లో కందిపప్పు కొనడానికి వెళ్లినా కొట్టు ముందు టై కట్టిన కుర్రాళ్లు అదే మాట్లాడుకునేవాళ్లు, అదీ పెళ్లి కబుర్లంత సంబరంగా. ఆ భయం పుణ్యాన ఎంతోమందికి ఉద్యోగాలు వచ్చాయి. నాకూ వచ్చింది. (ఐటీ బూమ్‌లో ఉద్యోగం సంపాదించినదాన్నే అని నేనంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీయండి.) మా ఫ్యాక్టరీలో లిఫ్టుల్లో పెట్టే టైమరు బోర్డులు తయారయ్యేవి. పాత బోర్డులు రెండువేలు దాటాక ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికీ కొత్తవే కావాలి. ఒక్కో బోర్డునీ పరీక్ష చేసి పంపాలి. ఆ పరీక్ష చేసే బల్లల దగ్గర ముగ్గురం ఆడవాళ్లం: నేను, ఫిజీ నుంచి వచ్చిన ఒక తెలుగావిడ, ఒక వియత్నాం ఆవిడ. ఫిజీ ఆవిడని వదిన అనేదాన్ని, వియత్నాం ఆవిడని అక్క అనేదాన్ని. ముగ్గురం క్యాజువల్. అంటే ప్రతి శుక్రవారం మూడు గంటలకి మా ఫోర్‌మన్ ఒక కాగితం పట్టుకొచ్చి, సోమవారం ఎవరు రావాలో పేర్లు చదివేవాడు. పేరు లేకపోతే టిఫిన్ డబ్బా సర్దుకోవడమే. ఆయనకి ఎర్రటి గడ్డం ఉండేది, మేం పెట్టిన పేరూ అదే.

ఇప్పుడు అసలు సంగతి, దాచను. ముప్పై మూడేళ్ల వయసులో నాకు ఒక్క అక్షరం రాదు. తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. నా వెనక పుట్టిన ఆరుగురిని ఎత్తుకు తిరగడంతోనే నా చదువైపోయింది. అంకెలు మాత్రం వచ్చు, బస్సు నంబర్లూ ఫోన్ నంబర్లూ కళ్లకి అలవాటయ్యాయి కాబట్టి. ఉద్యోగం కాగితాల మీద మా ఆయన 'టెన్త్ పాస్' అని రాశాడు. నేను రాయమనలేదు, వద్దనీ అనలేదు. ఆ ముక్క బయటపడితే నా పేరు ఏ శుక్రవారం కాగితంలోనూ ఉండదని మాత్రం నాకు బాగా తెలుసు.

పరీక్ష చేసే పెట్టెని ఆసిలోస్కోపు అనేవాళ్లు. మేం స్కోపు అనేవాళ్లం. చిన్న టీవీ అనుకోండి. బోర్డుని తగిలిస్తే తెర మీద ఆకుపచ్చ గీత గోడలాగా ఎక్కి, కాసేపు గట్టు మీద నడిచినట్టు నడిచి, మళ్లీ కిందికి దూకుతుంది. ఎక్కిన చోటి నుంచి దూకిన చోటికి ఎంత టైము పట్టిందో కొలవడమే మా పని. దానికి తెరలోనే రెండు నిలువు గీతలుంటాయి, నాబు తిప్పితే జరుగుతాయి. మొదటి రోజు నాకు ఆ విద్య నేర్పింది మా టెక్నీషియన్, హైదరాబాదు నుంచి వచ్చిన భాయ్.

"అక్కా, జర ఇటు జూడు. ఒక గీత ఎక్కే కాడ పెట్టు, ఇంకో గీత దిగే కాడ పెట్టు. పైన లెక్క వస్తది. రెండుకి జర అటిటు ఉంటే పచ్చ ట్రే. లేకుంటే ఎర్ర ట్రే. బస్, ఖతం."

"ఇంతేనా భాయ్?"

"ఇంతే. చిన్న పోరగాడు గూడ జేస్తడు."

చిన్న పోరగాడు చేస్తాడేమో. నాకు మూడో బోర్డుకే తెర మీద ఎనిమిది వందలు వచ్చింది. రెండు ఉండాలన్నాడు కదా, ఎనిమిది వందలేమిటి? పోనీ అది పెద్దదా అంటే, బొమ్మ చూస్తే పొట్టిగా, సగం కూడా లేకుండా ఉంది. అంకె పక్కన ఏదో అక్షరం ఉంది. రెండు అన్నప్పుడు ఒక రకంగా, ఎనిమిది వందలు అన్నప్పుడు ఇంకో రకంగా. ఆ అక్షరం ఏమిటని అడిగితే నా గుట్టు రట్టవుతుంది. అడగలేదు.

బదులుగా హ్యాండ్‌బ్యాగులోంచి బొట్ల అట్ట తీశాను. ఆవగింజంత బొట్లు, పెండిల్ హిల్‌లో కొన్నవే. భాయ్ నమూనాకని ఇచ్చిన మంచి బోర్డు ఒకటి నా సొరుగులో ఉండేది. దాన్ని స్కోపుకి తగిలించి, గీత దూకిన చోటు చూసి, భాయ్ చూపించిన హద్దు ప్రకారం బియ్యపు గింజ వెడల్పు అటొక బొట్టూ ఇటొక బొట్టూ అద్దం మీద అంటించాను. ఇక బోర్డు పెట్టడం, చూడటం. రెండు బొట్ల మధ్యలో దూకితే పచ్చ ట్రే, బయట దూకితే ఎర్ర ట్రే. గీతలు జరపక్కర్లేదు, లెక్క చదవక్కర్లేదు. ఆ నమూనా బోర్డుకి అత్తగారని పేరు పెట్టాను. వచ్చిన ప్రతిదాన్నీ ఆవిడతో పోల్చి చూడటమే కదా పని!

మిగతావాళ్లు రోజుకి యాభై బోర్డులు చేస్తుంటే నేను తొంభై చేసేదాన్ని. ఎర్రగడ్డం వచ్చి ట్రే చూసి, "యూ లెజెండ్!" అని నా భుజం తట్టి, నా ఫొటో తీసి గోడకి పెట్టాడు. ఆ ఫొటో పక్కనే, పరికరాల మీద ఏమీ అంటించకూడదని ఒక నోటీసు ఉండేదట. (ఉందని వదిన తర్వాత చెప్పింది. అప్పటికి నాకది గోడకి పెట్టిన అలంకారం.)

వదిన కళ్లు మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు నా వెనక నిలబడి, తాతలు ఓడలో పట్టుకెళ్లిన తెలుగులో అంది: "ఏమి మరదలా, పెట్టెకు బొట్టు పెట్టితివి? పూజ చేయుచున్నావా?"

"పూజ కాదు వదినా, పని."

మొత్తం చూసి, "హమ్ భీ కరేగా" అని, తానూ చేస్తానని ఫిజీ హిందీలో తేల్చేసి, తన నుదుటి మీది రాళ్ల బొట్టు తీసి తన స్కోపుకి అంటించింది. శనగగింజంత బొట్టు, తళతళా మెరిసేది. వియత్నాం అక్క కూడా చూసి, చిరునవ్వు నవ్వి, చెయ్యి చాపింది. అట్టలో ఉన్న ఆకుపచ్చ బొట్టొకటి ఇచ్చాను.

చిక్కల్లా ఎర్రగడ్డంతోనే. రోజుకి పదిసార్లు అటూ ఇటూ తిరిగేవాడు. ఆయన తలుపు దగ్గర కనపడగానే వదిన దగ్గేది. దగ్గు వినపడగానే ముగ్గురం తెర మీది బొట్లు ఊడబీకి, నుదుటి మీద పెట్టుకుని, బుద్ధిగా నాబులు తిప్పుతున్నట్టు కూర్చునేవాళ్లం. ఆయన దాటాక మళ్లీ అత్తగారిని పెట్టి, చూసి, బొట్లు అద్దానికి మార్చేవాళ్లం. ఆయన పాపం వదినకి దగ్గు బిళ్లలు తెచ్చి ఇచ్చాడు. అవీ చప్పరించి దగ్గేది. ఇలా రెండు నెలలు సాగింది.

ఇక ఆ శుక్రవారం. బోర్డులు కొనే లిఫ్టు కంపెనీ నుంచి ఒక ఇంజినీరమ్మ వస్తోందనీ, ఆ రోజే మాలో ఒకరిని పర్మనెంటు చేస్తారనీ ముందే తెలుసు. ఎవరినో కూడా అందరికీ తెలుసు, గోడ మీద ఫొటో ఎవరిది మరి? నేను పొద్దున్నే కొత్త వాయిల్ చీర కట్టి, పైన కంపెనీ కోటు తొడుక్కుని వచ్చాను. సరిగ్గా రెండుంబావుకి వదిన దగ్గింది. బొట్లు నుదుటికెక్కాయి. వదిన కంగారులో తన రాళ్ల బొట్టు తీయలేకపోతే, మా బొట్ల సంగతి తెలిసి పక్కనే ఉన్న భాయ్ చటుక్కున ఊడబీకి, ఎక్కడ పెట్టాలో తెలియక మెడలో వేలాడుతున్న తన ఐడీ కార్డు ఫొటో మీద అంటించేశాడు.

పొడుగ్గా ఉన్న ఆ ఇంజినీరమ్మ మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. నా మూడు బొట్లు చూసింది. వియత్నాం అక్క ఆకుపచ్చ బొట్టు చూసింది. భాయ్ ఫొటో చూసింది. ఎర్రగడ్డం ఛాతీ విరిచి, గొంతు తగ్గించి చెప్పాడు: "దే డూ ఇట్ వెన్ ఐ వాక్ ఇన్. రెస్పెక్ట్. ఇట్స్ దెయిర్ కల్చర్."

వదిన ఈసారి నిజంగానే దగ్గింది.

ఆవిడ నవ్వలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. బ్యాగులోంచి తాను తెచ్చిన బోర్డు తీసి తగిలించి, స్కోపు మీద పెద్ద నాబు ఒక్క మెట్టు తిప్పింది. బొమ్మ సాగింది. "షో మీ," అంది. తెర మీద బొట్లు లేవు. భాయ్ నేర్పినట్టు ఒక గీత ఎక్కే చోట, ఒక గీత దూకే చోట పెట్టాను. దూకింది ఎక్కడ? సరిగ్గా అత్తగారు దూకే చోట. పైన లెక్క చూస్తే ఎనిమిది వందలు.

"సో? పాస్ ఆర్ ఫెయిల్?"

కన్ను ఒకటి చెప్తోంది, లెక్క ఇంకోటి చెప్తోంది. రెండు నెలలుగా అన్నం పెట్టిన కన్నునే నమ్మాను. "పాస్," అన్నాను.

"రీడ్ ఇట్ టు మీ."

"ఎయిట్ హండ్రెడ్."

"ఎయిట్ హండ్రెడ్ వాట్?"

ఆ అక్షరం తెర మీద మిలమిలా మెరుస్తూ నన్నే చూస్తోంది. వదినకి దగ్గు కూడా రాలేదు. అబద్ధం చెప్దామన్నా ఏం చెప్పాలో తెలిస్తే కదా! "నంబర్ ఎస్," అన్నాను. "లెటర్ నో. స్కూల్ నో."

ఎర్రగడ్డం గోడ మీది నా ఫొటో వైపు చూశాడు. ఆవిడ ట్రేలో పేర్చిన బోర్డులు చూసి, "దెన్ హౌ?" అంది.

ఎలాగూ మునిగాను, ఇంక చలేమిటి? నాబు మళ్లీ యథాస్థానానికి తిప్పాను. సొరుగులోంచి అత్తగారిని తీసి తగిలించాను. నుదుటి మీది రెండు ఆవగింజ బొట్లు తీసి, అటొకటి ఇటొకటి అద్దానికి అంటించాను. అప్పుడు ఆవిడ తెచ్చిన బోర్డు పెట్టాను. గీత బొట్ల దాకా రానేలేదు, సగం దారిలోనే దూకేసింది. "ఎర్ర ట్రే," అన్నాను తెలుగులోనే. ఆవిడకి అర్థమైంది. ఎర్రగడ్డానికి అర్థమైంది ఇంకోటి: ఇన్నాళ్లూ ఆ బొట్లు తన గౌరవార్థం కాదని. ఆయన మొహం గడ్డం రంగుకి తిరిగింది.

ఇంజినీరమ్మ భాయ్‌తో ఏదో చెప్పింది. భాయ్ నాకు చెప్పాడు: "అక్కా, నీ బొట్టు అద్దాన్ని కొలుస్తది, టైమును కొలవది అంటుంది మేడం. నాబు ఎవడన్న తిప్పిండనుకో, బొట్టు ఆడనే ఉంటది, లెక్క బేకార్ అయితది. తెరల గీతలైతే నాబుతోని పాటు లెక్క మారుస్తయి."

"మేం ప్రతిసారీ అత్తగారిని పెట్టి చూసుకుంటాం కదా భాయ్! ఆ సంగతి చెప్పు."

భాయ్ చెప్పాడు. ఎంత తరచుగా అని ఆవిడ అడిగింది. ఎర్రగడ్డం వచ్చి వెళ్లిన ప్రతిసారీ అని భాయ్ అన్నాడు. ఆవిడ ఎర్రగడ్డాన్ని రోజుకి ఎన్నిసార్లు తిరుగుతావని అడిగి, ఆయన చెప్పిన లెక్క పుస్తకంలో రాసుకుంది. అప్పుడు నవ్వింది, బల్ల పట్టుకుని మరీ.

తర్వాత ఒక్కొక్కరి పచ్చ ట్రేలోంచి ఇరవై బోర్డులు తీసి తెరలోని గీతలతో కొలిచింది. నావి ఇరవైకి ఇరవై మంచివే. వదినవి మూడు పోయాయి. శనగగింజంత బొట్టు కదా, దాని వెనక దూకినవాటిని కూడా 'మంచి పిల్లే' అని పంపించేసిందట. వియత్నాం అక్కవి కూడా ఇరవయ్యీ బాగున్నాయి. అసలావిడ ఏ రోజూ బొట్టుతో కొలవలేదని అప్పుడు తెలిసింది! మొదటి నుంచీ గీతలతోనే, నెమ్మదిగా, ఒక్కోటీ చదివి రాసుకుంటూ కొలిచేది. మరి ఆకుపచ్చ బొట్టెందుకమ్మా అంటే, "ఎవ్రీబడీ డూ. ఐ డూ," అంది. మాతో పాటు ఉండటానికి పెట్టుకుందన్నమాట.

మూడు గంటలకి ఎర్రగడ్డం కాగితం తెచ్చాడు. పర్మనెంటు ఆ అక్కకే. న్యాయమే, కానీ ఆ న్యాయం మింగడానికి నాకు ఇంకో రెండు శుక్రవారాలు పట్టింది. తర్వాత సోమవారం రావాల్సిన పేర్లు చదివాడు. వదిన పేరు వచ్చింది. నా పేరు చివర్న వచ్చింది, దాంతో పాటు రెండు మాటలు: "నో డాట్స్." ఇంకో షరతు కూడా పెట్టాడు, మంగళవారం సాయంత్రాలు దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకి ఊరికే చెప్పే ఇంగ్లీషు క్లాసుకి నేను వెళ్లి తీరాలని. గోడ మీద ఫొటో తీస్తాడేమోనని చూశాను. తీయలేదు. 'లెజెండ్' అన్న మాట మాత్రం మళ్లీ అనలేదు.

ఇంటికి బయల్దేరుతుంటే భాయ్ ఆపాడు. నా బొట్ల అట్ట తీసుకుని, వెనక తెల్లగా ఉన్న వైపు పెన్నుతో రెండు గుర్తులు గీశాడు. "ఇది మిల్లీ. ఇది మైక్రో, ఎడమ దిక్కు కిందికి తోక ఉంటది జూడు. తోక ఉన్నది వెయ్యింతలు చిన్నది. తోక జూసినవంటే ఎనిమిది వందలు గూడ రెండు ముంగట పొట్టిదే."

"ఇంతేనా భాయ్?"

"ఇంతే అక్కా," అన్నాడు. ఈసారి చిన్న పోరగాడి మాట ఎత్తలేదు.

రైల్లో కూర్చుని ఆ తోక అక్షరాన్ని వేలితో కిటికీ అద్దం మీద దిద్దుతూ ఇంటికెళ్లాను. రెండువేలు వచ్చింది, లిఫ్టులు ఎక్కడా ఆగలేదు, లోకమూ ఆగలేదు. నా పర్మనెంటు మాత్రం ఏడాది ఆగి వచ్చింది. తెలుగు అక్షరాలు ఇంకా ఆగి, యాభై దాటాక వచ్చాయి. సిడ్నీ శివారు ద పాండ్స్‌లో ఆదివారం బడిలో పిల్లలకి తెలుగు చెప్తుంటే, మనవరాలితో పాటు వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్నాను. "అమ్మమ్మా, యువర్ 'ఘ' లుక్స్ లైక్ అ స్పైడర్," అంటుంది అది. అందరికీ మొదటి అక్షరం 'అ'. నాకు మొదటిది తోక ఉన్న ఆ మైక్రో అక్షరం. అది ఏ భాషదో కూడా చాలా ఏళ్లు నాకు తెలియదు. ఇప్పటికీ మందు సీసా మీద అది కనపడితే పాత స్నేహితురాలు ఎదురైనట్టు నవ్వుకుంటాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: ఐడీ కార్డుకి రాళ్ల బొట్టు పెట్టుకున్న భాయ్, దగ్గు బిళ్ల చప్పరిస్తూ దగ్గిన ఫిజీ వదిన, మా కోసం ఆకుపచ్చ బొట్టు పెట్టుకున్న వియత్నాం అక్క, గౌరవం పోగొట్టుకున్న ఎర్రగడ్డం, బల్ల పట్టుకుని నవ్విన ఇంజినీరమ్మ, సొరుగులో అత్తగారు, నుదుట మూడు బొట్లున్నా బుర్రలో ఒక్క అక్షరం లేని నేను.