గుంజుడుకు గడి లేని కాగితం

ముసలివాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు మేడ్చల్ వైపు మా ఊరికి రెండేళ్లకోసారి వచ్చేవారు. ఆ మనుషులనే ఏళ్ల తరబడి అడుగుతూ పోతే ముసలితనం సంగతి తెలుస్తుందట. నన్నడిగితే ఒక్క పూటలో చెప్పేదాన్ని. వాళ్లకు కాగితంలో ఉన్న ప్రశ్నలే ముద్దు.

వచ్చిన ఉద్యోగి కోస్తా మనిషి. ప్యాంటు మడత నలగకుండా మా అరుగు మీద కూర్చున్నాడు. మా పెద్ద తోటికోడలి బరువు తూచాడు, పిడికిలి బిగించమని బలం చూశాడు. ఆమెను నేను అక్కా అనేదాన్ని.

"మామ్మగారూ, గుండెల్లో నొప్పులు వస్తుంటాయా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాకు నొప్పులంటే కాన్పు నొప్పులే; ముందున్న మాట ఆమె చెవికెక్కలేదు.

"గీ వయసుల నాకేం నొప్పులు బిడ్డా! నలుగురిని కన్న, ఇగ సాలు."

వాకిలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతడూ నవ్వి, "లేదు" దగ్గర గీత పెట్టుకున్నాడు.

అప్పటికే అక్క షామీర్‌పేట బస్సు దిగి ఇంటికి వచ్చేలోపల రెండుచోట్ల ఆగేది. రొమ్ము మీద చెయ్యి వేసుకొని "గుంజుతాంది" అనేది. గుంజుడుకు ఆ కాగితంలో గడి లేదు.

రెండేళ్లకు మళ్లీ అతడే వచ్చాడు. ఈసారి అదే ప్రశ్న అడిగి, అక్క నోరు తెరవకముందే గీత పెట్టేశాడు. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, కూడబలుక్కొని చదువుతాను. కాగితం లాక్కొని చదివాను. గుండె నొప్పి: లేదు. ఆయాసం: లేదు. ఆయాసమనే మాట అక్క పుట్టి ఎరగదు. మాకది దమ్ము.

"ఏందయ్యా గిది? నాలుగడుగులేస్తే ఆమెకు దమ్మొస్తాంది. గుండె గుంజుతాంది."

"పోయినసారి ఆవిడ అలా చెప్పలేదు కదండీ."

"నువ్వట్ల అడిగినవా?"

"ప్రశ్న మార్చకూడదు మామ్మగారూ. అందర్నీ ఒకేలా అడగాలి."

"మామ్మ ఎవలు నీకు? అవ్వా అను. సరే, ఇప్పుడన్న రాస్కో. ఏం మందిస్తవ్?"

"మేం వైద్యం చెయ్యమండీ. పరిశీలిస్తాం, అంతే."

పొయ్యిమీద పాలు పొంగుతుంటే, గిన్నె దించకుండా ఎంత పొంగాయో రాసుకునే రకం.

మర్నాడు పొద్దున్నే అక్కను బస్సెక్కించి సుచిత్ర చౌరస్తాలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గుంజుతాంది అనగానే ఆయన కలం పక్కన పెట్టి ఈసీజీ తీయించాడు. చూసి, గుండె చాలా దెబ్బతిన్నదన్నాడు. ఇక మందులు మానకూడదు, బరువు ఎత్తకూడదు, ఎక్కువ దూరం నడవకూడదు.

"ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని నన్నే అడిగాడు.

జవాబు అక్క చెప్పింది. "సార్లు ఇంటికొచ్చి సూస్తనే ఉన్నరు గద బిడ్డా. పేరు సుత రాస్కపోయిన్రు. నాకేమన్న ఉంటే వాళ్లే చెప్తరనుకున్న."

ఆమెకు చదువు రాదు, అనుకుంది. చదువొచ్చిన నేనూ ఆ రెండేళ్లు అట్లాగే అనుకొని కూర్చున్నాను.