రంగు వేసి వచ్చిన దర్వాజ

ఇస్నాపూర్‌లో మా చిన్నకొడుకు కట్టిన కొత్త ఇంటి దర్వాజ దాటేటప్పుడు నా చెయ్యి ఊరుకోదు, వేలి కణుపులతో ఒక దెబ్బ కొట్టి చూస్తాను. ఆ చప్పుడు నాకు నచ్చదు. నచ్చదని తెలిసీ మర్నాడు మళ్లీ కొడతాను. కట్టె విషయంలో ఎవరినీ నమ్మకూడదని చిన్న వయసులోనే నేర్చిన చెయ్యి, ఇప్పుడు మరిచిపొమ్మంటే వింటుందా?

నేర్పింది మా అత్తగారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో భానూర్ దగ్గర మా మామగారు ఇల్లు మొదలుపెట్టి, వాసాలకూ దూలాలకూ చెలక గట్టు మీది వేపచెట్లు కొట్టించి, పురుగు పట్టకుండా ఆ మొద్దులను ఒక వానాకాలమంతా కుంటలో నానబెట్టి, ఆరిన తరువాత బండి మీద పటాన్‌చెరు కోత మిషన్‌కు తోలించారు. కొన్నది ఒక్క టేకు మొద్దే, అదీ పెద్ద దర్వాజకు. దాని రెండు కొసలకూ అత్తగారు గుర్తుకని ఎర్రటి జాజు పూసి, నా చేతికి సద్దిమూట ఇచ్చి, మిషన్ దగ్గర కాపలా కూర్చోమని పంపింది. మిషనాయన మన టేకు దాచుకుని వేరే కట్టె కోసి ఇస్తాడని ఆమె అనుమానం. అతను అట్లాంటివాడో కాదో నాకు ఈనాటికీ తెలియదు గానీ, మా ఊళ్లో ఇల్లు కట్టిన ప్రతి ఇంటి ఆడమనిషీ అట్లా కూర్చున్నదే, మీలోనూ కొందరు కూర్చునే ఉంటారు. సద్ది కూడా రంపం వైపు తిరిగే తిన్నాను. వచ్చేటప్పుడు రంపపు పొట్టు సైతం గోనెలో ఎత్తుకొచ్చాను. మన కట్టె పొట్టు మన పొయ్యికే రావాలి గదా.

ఆ దర్వాజను రంగు లేకుండానే నిలబెట్టారు. పసుపు రాస్తే కట్టె పీల్చుకున్నది. పగులో తొర్రో ఉంటే బయటపడాలని, ఒక వానాకాలం గడిచేదాకా అత్తగారు రంగు ముట్టనివ్వలేదు. వచ్చిన చుట్టాలు చాయ్ తాగకముందే కణుపులతో కొట్టి చూసేవారు, దానికి మేమేమీ అనుకునేవాళ్లం కాదు.

అందుకే నిరుడు మా కొడుకు ఇంటికి దర్వాజ ఆటోట్రాలీలో దిగినప్పుడు నాకు మనసొప్పలేదు. టేకు రంగు పూసుకుని నిగనిగలాడుతూ వచ్చింది. గోడలే లేవని ఇంటికి రంగు తొందరేమిటి? ఎక్కడ కోయించావు, ఎవరు కూర్చున్నారు అని అడిగితే, కొడుకు ఇటుకలు చూడబోయాడు. దర్వాజ అమ్మిన దుకాణాయన వీడిని ముంచాడని నాకు రూఢి అయిపోయింది.

మర్నాడు ముహూర్తానికి అందరూ చేరాక పసుపు రాస్తే, అది రంగు మీద నిలవక జారింది. దర్వాజను పడుకోబెట్టమని, ఈ కొస నుంచి ఆ కొసకు కణుపులతో కొట్టి చూశాను. ముహూర్తం దాటిపోతుందని అయ్యగారు గొణిగారు. మా ఆడబిడ్డ ఊరుకుంటుందా?

"మా వదినె మా అన్నను గూడ గిట్లనే కొట్టి సూసి చేసుకున్నట్టుంది."

అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. కింది కొసకు రంగు అందలేదు. అక్కడ చూస్తే ఒక్క కట్టె కాదు, చిన్న ముక్కలను జిగురుతో అతికించినది. ఇది ఇంటికి ఎత్తేది లేదు, ఆ దుకాణం ముందే పడేసి వస్తాను, ఆటో పిలవమన్నాను. అప్పుడు కొడుకు నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఆయన మోసం జెయ్యలేదమ్మా. ముక్కల కట్టె అని చెప్పే ఇచ్చిండు. టేకు ధర ఇని ఎనక్కి వచ్చిన. నువ్వు సూస్తె బాధపడ్తవని రంగు నేనే ఏపిచ్చిన."

టేకు కోసం జోగిపేట దాకా తిరిగాడట. అది కొంటే, కంపెనీ పనివాళ్లకు కిరాయికిద్దామని పైన వేసే గదులు ఆగిపోతాయట. దర్వాజ ఎత్తమని చేత్తోనే సైగ చేసి, పసుపు ముద్దగా కలిపి, రంగు మీద నిలిచేదాకా నేనే అద్దాను.

ఆ రోజుల్లో కాపలా బయటివాడి మీద. కట్టెలో మంచిచెడ్డలు ఏవైనా ఇంటివాళ్లందరికీ తెలిసే ఇల్లు లేచేది. ఇప్పుడు ధర ఎంత పెరిగిందంటే, కన్నకొడుకు నా దగ్గర కట్టెను దాచవలసి వచ్చింది.

నేను దర్వాజను కొట్టినప్పుడల్లా, తలుపు తీసే ఉన్నది, రా అత్తమ్మా అని లోపలి నుంచి కోడలు పిలుస్తుంది. ఎందుకు కొట్టానో ఆమెకు తెలుసు, తెలియనట్టే పిలుస్తుంది. నేనూ ఆ పిలుపు కోసమే కొట్టినట్టు లోపలికి పోతాను.