చల్లారని మానిఫోల్డ్

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లిపోయే మనిషిని. ముప్పై ఏళ్లు బండ్ల కింద పడుకుని పని చేశాను. ఇంజిన్‌లో చప్పుడు వస్తే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. మసీదు బయట నేను నమ్మింది అదొక్కటే.

ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఎంత వెతికినా కారణం దొరకలేదు.

ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో. దేవరకొండలో నాకొక షెడ్డు ఉండేది. ఎండాకాలంలో ఒకరోజు నర్సింహులు అనే పల్లీనూనె మిల్లు ఆసామి ఒక పాత నల్ల కారు తెచ్చాడు. ఇంగ్లీషు వాళ్ల కాలం నాటి బండి. అది ఆయనది కాదని ఊరందరికీ తెలుసు. ఆయన అన్న రాజయ్యది. రాజయ్య ఇరవై ఏళ్లు దాన్ని తన చేత్తోనే బాగు చేసుకున్నాడు, ఏ మెకానిక్‌నీ దగ్గరికి రానివ్వలేదు. ఆయన గుండెజబ్బుతో పోయి నెల కూడా కాలేదు. వదిన వద్దని మొత్తుకుంటున్నా వినకుండా తమ్ముడు తాళం పగలగొట్టి కారు తెచ్చుకున్నాడు. కూతురి పెళ్లికి అల్లుణ్ణి అందులో ఊరేగించాలట. పెళ్లికి ఇంకా పది రోజులుంది.

ఇదంతా తెలిసే నేను పని ఒప్పుకున్నాను. అట్లాంటి బండి మీద చెయ్యి వేయాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

రోగం తేలిగ్గానే దొరికింది. ఇంజిన్ పక్కన మానిఫోల్డ్ అని లావుపాటి పోత ఇనుప గొట్టం ఉంటుంది. లోపల కాలిన పొగను అదే వెనక సైలెన్సర్‌కు పంపుతుంది. అది ఇంజిన్‌కు అతుక్కునే చోట మూడో నోటి దగ్గర, సందు మూసే ప్యాకింగ్ కాలిపోయింది. బండి స్టార్ట్ చేస్తే టక్ టక్ టక్ మని కొడుతోంది. పొగంతా కారు లోపలికి వస్తోంది. దాని వాసన పీలిస్తే ముందు తలనొప్పి, తర్వాత మత్తు, అద్దాలు మూసుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. ఈ మాట నర్సింహులుకు చెప్పాను.

"గవన్ని నాకెందుకు మియా? పెండ్లి నాటికి చప్పుడు రావద్దు, అంతే" అన్నాడు.

సాయంత్రం నట్లు విప్పి మానిఫోల్డ్ దించాను. షెడ్డు మూలన గోనెసంచి మీద పెట్టి ఇంటికి పోయాను. ఆ రాత్రి వాన పడింది. పొద్దున వచ్చేసరికి షెడ్డు రేకుల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. గోనెసంచి తడిసి ఉంది. మొహం సాపు చేయించడానికి లేతు మిషన్‌కు తీసుకుపోదామని మానిఫోల్డ్‌ను రెండు చేతులా ఎత్తాను.

అరిచి వదిలేశాను. కుడి అరచెయ్యి తోలు దానికి అంటుకుపోయింది.

పక్క షాపు సాయిలు పరిగెత్తుకొచ్చాడు. ఆయన లేతు పని చేస్తాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నా మాట నమ్మక మగ్గుతో నీళ్లు పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. పన్నెండు గంటల కిందట ఇంజిన్ నుంచి ఊడదీసిన ఇనుము అది. చుట్టూ నిప్పు లేదు, పొయ్యి లేదు, ఎండ కూడా లేదు.

"దీన్ని వాపస్ ఇచ్చెయ్ మహమూద్" అన్నాడు సాయిలు. "గిది మంచి పని కాదు."

ఇవ్వలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని నర్సింహులు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన మిల్లులో పదిమంది ముందు నా మీద లేచాడు. "మా వదిన నీకేం నూరిపోసింది? చేతకాకపోతే చేతకాదని చెప్పు. బండి పాడు చేసినవో, దేవరకొండల నీ షెడ్డు ఉండదు!"

అక్కడినుంచి నేరుగా రాజయ్య ఇంటికి పోయాను. ఆయన ఎట్లా బాగు చేసేవాడో, ఏదైనా కిటుకు ఉందేమో అడుగుదామని. ఆయన భార్య లక్ష్మమ్మ గడపలోనే ఆపేసింది. కూర్చోమనలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"దొంగ బండికి మందు అడగనీకి వచ్చినవా?"

చేతికున్న గుడ్డ విప్పి చూపించాను. ఆమె వంగి చూసింది. తర్వాత తన కుడి చెయ్యి చాపింది. అరచేతి నిండా పాత కాలిన మచ్చ, తోలు ముడతలు పడి గట్టిపడిపోయి ఉంది.

"పెండ్లయిన కొత్తల. తుడుద్దమని ముట్టిన" అంది. "బండి వారం సంది కదల్లే. ఆయిన నవ్విండు. తన చెయ్యి తప్ప వేరే చెయ్యి దానికి పడదన్నడు. ఇరవై ఏండ్లు నాకంటె దాన్నే ఎక్కువ జూసుకున్నడు. నాకు గా బండి మీద ప్రేమ, పావురం ఉందనుకున్నవా? అది నా ఇంట్ల ఉండాలె, తాళమేసి ఉండాలె. గందుకే మొత్తుకున్న. పో."

తలుపు వేసేసింది.

ఆ రోజే బండి వాపస్ ఇచ్చి ఉండాల్సింది. షెడ్డు పోతుందని భయం ఒకటి, ఒక ఇనుప ముక్కకు ఓడిపోవడమా అన్న పంతం ఒకటి. సాయిలు తిట్టుకుంటూనే పటకారుతో పట్టుకుని లేతు మీద మానిఫోల్డ్ అతుక్కునే మొహం సాపు చేసి ఇచ్చాడు. ఎక్కడా వంకర లేదు, పగులు లేదు. కొత్త ప్యాకింగ్ వేసి, చేతులకు తోలు తొడుగులు వేసుకుని బిగించాను. గంటసేపు ఇంజిన్ నడిపాను. చప్పుడు లేదు. ప్రతి అతుకు దగ్గరా ఊదుబత్తి పెట్టి చూశాను. ఎక్కడన్నా లీకు ఉంటే ఊదుబత్తి పొగ చెదరాలి. దారం లాగా నిలువుగా లేచింది.

మర్నాడు మధ్యాహ్నం నర్సింహులు వచ్చాడు. నాలుగు అద్దాలూ నేనే కిందికి దించాను. "రెండు రోజులు అద్దాలు ఎక్కియ్యకు సేటూ, జర నా మాట విను" అన్నాను. ఎండ మండిపోతోంది, ఎక్కించాల్సిన అవసరమూ లేదు. ఆయన బండి ఎక్కి డిండి ఊరికి పోయే దారి పట్టాడు.

అరగంటలో ఒక లారీ డ్రైవర్ వచ్చి తాను చూసింది చెప్పాడు. నాలుగు మైళ్ల అవతల కారు రోడ్డు మధ్యలో ఆగి ఉంది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. నాలుగు అద్దాలూ పైదాకా ఎక్కి ఉన్నాయి. లోపలంతా పొగ. నర్సింహులు స్టీరింగ్ మీద పడిపోయి ఉన్నాడు, పొగ విషానికి పెదవులు చెర్రీ పండు లాగా ఎర్రబడ్డాయి. రాయితో అద్దం పగలగొట్టి ఆయన్ను బయటికి లాగి వచ్చానన్నాడు.

దవాఖానలో రెండు రోజులకు తెలివి వచ్చింది. అద్దాలు తాను ఎక్కించలేదని, దించబోతే అద్దం తిప్పే పిడి చేతిని కాల్చిందని చెప్పాడు. ఆయన రెండు అరచేతులకూ కట్లు ఉన్నాయి. అంత నీరసంలోనూ నన్ను చూసి పళ్లు కొరికాడు. "వీడు నన్ను చంపజూసిండు" అని పోలీసులకు రాయించాడు.

ఎస్సై నన్ను స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. బండి చూడ్డానికి నల్గొండ నుంచి వేరే మెకానిక్‌ను పిలిపించారు. నాకు పరిచయం లేని మనిషి, నా మీద జాలి ఏమీ లేదు. ఆయన ఇంజిన్ నడిపి, ప్రతి నట్టూ చూసి, సైలెన్సర్ చివరిదాకా తడిమి, కాగితం మీద రాసిచ్చాడు. పొగ లీకు ఎక్కడా లేదు, పని సక్రమంగా ఉంది.

దాంతో నన్ను వదిలేశారు. పెళ్లి ఊరేగింపు జీపులో జరిగింది. లక్ష్మమ్మ మనుషులను పంపి కారు తోయించుకుపోయింది. నర్సింహులు అడ్డుపడలేదు. నేను ఏడాదిలోపే షెడ్డు అక్కడినుంచి ఎత్తేశాను.

ఆ కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అది నన్ను జైలు నుంచి కాపాడింది. కానీ ఎన్నోసార్లు అనుకున్నాను, ఆ మెకానిక్‌కు ఏదో ఒక సందు, వెంట్రుక వాసి పగులు, నేను బిగించడం మరిచిన ఒక్క నట్టు కనబడి ఉంటే ఎంత బాగుండేదని. తప్పు నాదై ఉంటే ఆ పొగ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలిసేది.