తోక రేకుకు కట్టిన నిమ్మకాయ

విడిభాగాల కిట్ తెప్పించుకుని స్కోఫీల్డ్స్‌లోని మా గరాజ్‌లో నేను విమానం కడుతున్నాను. దిష్టి తగలకూడదని మా ఆయన దాని తోక రేకుకు డ్రిల్‌తో చిల్లు పెట్టి మరీ నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. అక్కర్లేని చోట చిల్లు పడ్డ రేకుతో ఎగరకూడదు. తిట్టాల్సినంత తిట్టి, కొత్త రేకు ఆర్డర్ చేయడానికి ల్యాప్‌టాప్ తెరిచాను.

అప్పుడే వచ్చిన పక్కింటి అంకుల్ విషయం విని, “అపశకునమమ్మా! ఆడపిల్లవి, నీకెందుకీ రిస్క్? ఈ విమానం సేల్‌కి పెట్టేసి గరాజ్ క్లీన్ చేసుకో,” అన్నారు.

“శకునాలు మీరు చూసుకోండి అంకుల్, రేకు సంగతి నేను చూసుకుంటా,” అని ఆయన ముందే ఆర్డర్ పెట్టేశాను.

కొత్త రేకు వచ్చింది, బిగించాను. పాతదాన్ని మాత్రం పారేయలేదు. నిమ్మకాయతో సహా గరాజ్ బయట, అంకుల్ ఇంటి వైపు తిప్పి వేలాడదీశాను.