వేలు పెట్టని ట్రస్టు

బెంగుళూరులో మా పరిశోధన సంస్థకు డబ్బిచ్చేది ఒక దాతృత్వ ట్రస్టు. సైబర్ మోసాలు ఆగాలంటే ప్రభుత్వం ఏ నియమాలు పెట్టాలో ఊళ్లు తిరిగి, చూసి, రాసివ్వడం మా పని. గ్రాంటు ఇచ్చిన రోజు ట్రస్టు పెద్దమనిషి టీ తాగుతూ, "మీ పరిశోధనలో మేం వేలు పెట్టమండీ" అన్నాడు. నేను నిజంగానే సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నవ్వు కూడా రాదు.

నాది అనంతపురం జిల్లా కాబట్టి ఊళ్లకు నన్నే పంపారు. కళ్యాణదుర్గంలో బస్సు దిగి, షేర్ ఆటోలో బెళుగుప్ప వైపు ఒక ఊరికి పోయేదాన్ని. అక్కడ అంగడి అరుగు మీద బ్యాంకు తరపు మనిషి చిన్న మిషను పెట్టుకుని కూర్చుంటాడు. బొటనవేలు ఆనిస్తే ఖాతాలోని కూలి డబ్బు చేతికొస్తుంది. అయితే విత్తనానికి శనక్కాయలు వొలిచీ వొలిచీ ఆడవాళ్ల వేలిగీతలు అరిగిపోయి ఉంటాయి. తలనూనె కాస్త వేలికి రుద్దుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. అంతకుముందున్నవాడు "పడలేదు, ఇంకోసారి పెట్టు" అంటూ ఒక్కొక్కరి ఖాతాలోంచి రెండేసిసార్లు డబ్బు లాగి, ఒకసారిది తనే ఉంచుకుని, ఊరొదిలి పారిపోయాడు. ఇప్పటివాడు మంచివాడే, మిషను మాత్రం అదే.

కూలి డబ్బు పోగొట్టుకున్న ఒక అవ్వ నన్ను అడిగింది. "నీకు జీతం ఎవురిస్తారు పాపా?"

"ఒక ట్రస్టోళ్లు అవ్వా. ఇచ్చి ఊరకుంటారు. మా పనిలో వేలు పెట్టరు."

"ఏలు పెట్టకుండా దుడ్లు యాడ వస్తాయే!" అని ఆమె పగలబడి నవ్వింది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

నివేదికలో మేం గట్టిగా అడిగింది ఒకటే. డబ్బు తీసేముందు ఎంత తీస్తోందో మిషను తెలుగులో పైకి చెప్పాలి. ఈ సంగతి చెబితే అవ్వ ముఖం వెలిగింది. చిత్తుప్రతి ట్రస్టుకు పోయి, ఆ ఒక్క మాటా కొట్టేసి తిరిగొచ్చింది. మిషన్లు చేసే కంపెనీ ఆయన ట్రస్టు బోర్డులో ఉన్నాడట. "ఇది వేలు పెట్టడం కాదు, సూచన" అన్నాడు పెద్దమనిషి. నేను తియ్యనన్నాను. మా డైరెక్టరు తీసేశాడు. ఆఫీసులో అందరి జీతాలూ ఆయన నెత్తినే ఉన్నాయి, తిట్టడానికి నాకు మనసు రాలేదు. ఇంతా చేస్తే, మరుసటి ఏడాది గ్రాంటు కృత్రిమ మేధ మీద రాసేవాళ్లకు పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాం. ఊళ్లు తిరగడం ఇక లేదన్నారు.

పోయిన నెల, ఇక రానని చెప్పిరావడానికి ఆ ఊరికి వెళ్లాను. అవ్వ వరసలో ఉంది.

"మిషను మాట్లాడతాదంటివే, యాడ మాట్లాడతాండాది?"

"లేదవ్వా. ట్రస్టోళ్లు వేలు పెట్టినారు."

ఈసారి ఆమె నవ్వలేదు. తలనూనె వేలికి రుద్దుకుని మిషను మీద ఆనించింది. నేను వంగి, తెర మీద అంకెను పైకి చదివి, "పడిందవ్వా, ఇంక పెట్టొద్దు" అన్నాను. నోట్లు కొంగున ముడేసుకుని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇది బాగుండాది పాపా. వచ్చే నెల గూడా వచ్చి చదువుతావు గదా?"